ప్యాషన్ ఫ్రూట్ నారు నిలబడాలంటే మట్టి మార్చాల్సి వచ్చింది

మాది హన్మకొండ దగ్గర. ప్యాషన్ ఫ్రూట్ విత్తనాలు మొలిచేవి గానీ, రెండాకులు వేయగానే మొదలు మెత్తబడి ఒరిగిపోయేవి. నారుకుళ్లు. మందు సంగతి తర్వాత, ముందు నారు పెంచే కవర్లోని మట్టిని చూశాను. నల్లరేగడి: తడిస్తే బంక, ఎండితే పగుళ్లు. వేరుకు గాలి ఎక్కడిది?

రేగడి పూర్తిగా తీసేశా. ఇప్పుడు రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు కాల్చిన వరి ఊక. రైస్ మిల్లులున్న మన జిల్లాలో ఊకకు కొదవా? కాకపోతే నల్లగా ఉండగానే నీళ్లు చల్లి ఆర్పాలి. తెల్ల బూడిదైతే క్షారం ఎక్కువై ఆకులు పసుపు పడతాయి. కొబ్బరి పొట్టును నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి పిండాలి, లేకుంటే అందులోని ఉప్పు లేత వేర్లను మాడుస్తుంది. వర్మీకంపోస్టులో ట్రైకోడెర్మా విరిడి (కుళ్లు తెగుళ్లను అణిచే మేలుచేసే శిలీంధ్రం) కలిపి, తడి గోనెపట్టా కప్పి వారం ఉంచాకే వాడతాను. బలం కోసమని ఎరువు పెంచితే మిశ్రమం బరువెక్కి మళ్లీ నీరు నిలుస్తుంది.

విత్తనాలకున్న గుజ్జు రుద్ది కడిగి, తాజాగా ఉన్నప్పుడే సెంటీమీటరు లోతున పెడుతున్నా. మొలకకు 2 నుంచి 4 వారాలు. నీళ్లు పొద్దున్నే, అదీ వేలితో తడి చూసి. అక్కడొకటి ఇక్కడొకటి తప్ప ఇప్పుడు ఒరగడం లేదు. మే ఎండకు మాత్రం గ్రీన్ నెట్ కట్టాల్సిందే.