అండమాన్‌లో దేనికి పర్మిట్ కావాలి, ఎక్కడ రాసివ్వాలి

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. భారతీయులకి అండమాన్‌లో అడుగు పెట్టడానికి ఏ పర్మిటూ అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క తెలియక మా కావలిలో ఒక ట్రావెల్స్ ఆయనకి మనిషికి 600 లెక్కన ఎంట్రీ పర్మిట్ చార్జీ అని కట్టాం, ఇంటిల్లిపాదీ ఆరుగురం. చెన్నైలో విమానం ఎక్కేటప్పుడు చూపించిన ఆధార్ తప్ప, అక్కడ దిగి ఆటో మాట్లాడుకునేదాకా ఇంకో కాగితం అడిగిన మనిషి లేడు. (పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆటోవాళ్ళు మాత్రం ఇంకా పాత పేరే అంటున్నారు.)

మరి పర్మిట్ అన్నదే లేదా అంటే, ఉంది. దీవులకి కాదు, అడవికి. సెల్యులార్ జైలు, హావ్‌లాక్ బీచ్ చూసుకుని వచ్చేసేవాళ్ళకి ఈ గోల ఏమీ లేదు. మడ అడవులు, పగడాలు, తాబేళ్ళు అంటూ బయల్దేరేవాళ్ళకే ఒక్కోచోట ఒక్కో ఫారం.

ఇంటి దగ్గరే చేసుకోవాల్సిన పని ఒకటుంది. అందరి ఆధార్ ఒరిజినల్స్, తలా నాలుగు జిరాక్సులు, ఒక తెల్లకాగితం మీద వరసగా పేరు, వయసు, ఆధార్ నంబరు, ఫోను నంబరు. ప్రతి ఫారంలోనూ అడిగేది ఇంతే కాబట్టి ఆ కాగితం చూసి ఎక్కించేయొచ్చు, తెల్లవారుజామున చీకట్లో కార్డులు వెతుక్కునే పని తప్పుతుంది. మన ఇంటిపేరుతో ఒక తంటా ఉంది. ఆధార్‌లో ముందుంటుంది, టికెట్ బుక్ చేసేటప్పుడు వెనక్కి పోతుంది, ఓటరు కార్డులో ఒట్టి అక్షరమే ఉంటుంది. ఏదో ఒక కార్డు పట్టుకుని విమానం, ఫెర్రీ, పర్మిట్ అన్నిటికీ అందులో ఉన్నట్టే రాయండి. చిన్నపిల్లలకి కూడా ఆధార్ గానీ బర్త్ సర్టిఫికెట్ గానీ ఉండాల్సిందే.

ఇక బారాటాంగ్ దీవి. సున్నపురాయి గుహలు, వాటికి పోయే దారిలో మడ అడవుల మధ్య బోటు ప్రయాణం. కృష్ణపట్నం వైపు మడచెట్లు చూసిన కళ్ళతో పోయాను నేను, అక్కడ అవి రెండువైపుల నుంచీ కమ్ముకుని నెత్తిన పందిరేసినట్టుంటాయి. అయితే అక్కడికి పోయేది అండమాన్ ట్రంక్ రోడ్డు మీద. పేరు విని మన ట్రంకురోడ్డులా అనుకునేరు, అది జారవా తెగవాళ్ళ రిజర్వ్ మధ్యలోంచి పోతుంది. ఊరికి ఇంచుమించు 40 కిలోమీటర్ల అవతల జిర్కాటాంగ్ చెక్‌పోస్టు ఉంటుంది, పర్మిట్ ఫారం అక్కడే నింపాలి. బండి నంబరు, డ్రైవర్ పేరు, లోపల ఉన్న ప్రతి మనిషి వివరాలు. ఫారం డ్రైవర్ తెచ్చిస్తాడు గానీ నింపడం మాత్రం మీరే చేయండి. మా బండిలో ఒకరి వయసు 43 అని ఉండాల్సింది 34 పడి, కౌంటర్ దగ్గర కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది.

బండ్లని ఎవరి ఇష్టానికి వాళ్ళని వదలరు, పోలీసు కాపలాతో కాన్వాయ్‌గా పంపుతారు. మేం పోయినప్పుడు మొదటిది ఉదయం 6కి. దానికోసం హోటల్లో మూడింటికే లేచాం, నాలుగున్నరకి చెక్‌పోస్టు చేరేసరికి ముందు అప్పటికే ఇరవై ముప్పై బండ్లున్నాయి. టీ కొట్టు దగ్గర నిలబడి జేబులు తడుముకుంటుంటే బయటపడింది, మా బావ ఆధార్ హోటల్ గదిలో చొక్కా జేబులో ఉండిపోయిందని. ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదన్నారు. ఆయన వేరే కారు మాట్లాడుకుని వెనక్కి పోయి తెచ్చేసరికి 6 గంటల కాన్వాయ్ వెళ్ళిపోయింది, తర్వాతది 9కి. ఆ మూడు గంటలూ మా అక్క ఆయనతో మాట్లాడితే ఒట్టు.

ఈ పర్మిట్ ఎందుకో కూడా తెలుసుకోండి. ఆదిమ తెగల రక్షణ కోసం 1956లో చేసిన రెగ్యులేషన్ కింద ఆ అడవి వాళ్ళది, మనం దారిన పోయేవాళ్ళం మాత్రమే. బండి ఆపకూడదు, ముందు బండిని దాటకూడదు, ఫొటోలు, వీడియోలు తీయకూడదు, తినేవి ఇవ్వకూడదు. తప్పితే జైలు దాకా పోతుంది. మా వెనక బండిలో "జారవాలు కనపడతారా అన్నా" అని డ్రైవర్ని అడుగుతున్నారు, జూకి వచ్చినట్టు. ఆ మాట నాకు అసలు నచ్చలేదు. నిజం చెప్పాలంటే గుహల మీద అంత మక్కువ లేకపోతే ఈ దారి మానేసినా మీకు పోయేదేం లేదు. పోతే మాత్రం, రిజర్వ్ దాటాక మిడిల్ స్ట్రెయిట్ దగ్గర పంటు ఎక్కి అవతలి రేవు చేరాలి, అక్కడ గుహల కోసం అటవీ శాఖ పర్మిట్, బోటు టికెట్ వేరుగా తీసుకోవాలి. మళ్ళీ అవే కార్డులు, ఇంకో సెట్టు జిరాక్సులు.

పగడాల కోసమైతే జాలీ బాయ్ దీవి. 1983లో పెట్టిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది, బోటు వండూర్ రేవు నుంచి. ఇక్కడ చాలామంది పొరపాటు పడేది, బోటు టికెట్ కొనేస్తే పర్మిట్ కూడా అందులో వచ్చేసిందనుకోవడం. రెండూ వేరు. పైగా రోజుకి ఇంతమందినే అని లెక్క పెట్టి వదులుతారు, అందుకే ఊళ్ళో దిగిన రోజే ఈ పని చూసుకోండి. సోమవారం సెలవు. ఏడాదంతా తెరిచి ఉండే దీవి కూడా కాదు, సుమారుగా నవంబరు నుంచి మే మధ్య దాకా జాలీ బాయ్, వానల నెలల్లో దాని బదులు రెడ్ స్కిన్ దీవికి పంపుతారు. వేరే దీవికి తీసుకొచ్చారేంటని బోటువాళ్ళతో పోట్లాడకండి.

రేవు దగ్గర సంచులు విప్పి చూస్తారు, దీవికి ప్లాస్టిక్ పోనివ్వరు. అమ్మ నెల్లూరు నుంచి మోసుకొచ్చిన మలై కాజా ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. అక్కడి ఉద్యోగి డబ్బా మూత తీసి వాసన చూసి నవ్వాడు గానీ పోనివ్వలేదు, గట్టు మీద నిలబడే ఆరుగురం తలా రెండు మింగి పాకం చేతులతో బోటెక్కాం. స్టీలు డబ్బా తెచ్చుకోండి. నీళ్ళ సీసాలు డిపాజిట్ కడితే వాళ్ళే ఇస్తారు, తిరిగొచ్చి సీసా ఇచ్చేస్తే డబ్బు వెనక్కిస్తారు.

ఉత్తరాన డిగ్లీపూర్ దాకా పోయే ఓపిక ఉంటే ఏరియల్ బే రేవులో రాస్, స్మిత్ దీవులకి పర్మిట్, బోటు రెండూ దొరుకుతాయి. ఆటు సమయంలో ఆ రెండు దీవుల మధ్య ఇసుక తేలి దారి అవుతుంది, అక్కడే మనం నడిచేది. కాలిపూర్ బీచ్‌లో చలికాలం రాత్రులు తాబేళ్ళు గుడ్లు పెడతాయి, మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లీతో పాటు ఇంకో మూడు రకాలు. 732 మీటర్ల శాడిల్ పీక్ ఎక్కాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. నికోబార్ ఆలోచన ఉంటే పక్కన పెట్టండి, దానికి డిప్యూటీ కమిషనర్ ఆఫీసు నుంచి ట్రైబల్ పాస్ కావాలి, టూరుకి పోయొస్తామంటే ఇచ్చే కాగితం కాదది.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకోవద్దు. ఎయిర్‌పోర్టులో స్కానర్ పట్టేస్తుంది, పిల్లల సంచులు కూడా మీరే ఒకసారి దులపండి. ఇంకొకటి, గడియారం మనదే అయినా సూర్యుడు మనకంటే చాలా ముందు నడుస్తాడక్కడ, డిసెంబరులో సాయంత్రం 5 దాటితే చీకటే. ఏ ఆఫీసు పనైనా పొద్దున్నే పెట్టుకోండి, మధ్యాహ్నం భోంచేసి పోదాంలే అనుకుంటే ఆ రోజు పోయినట్టే.

ట్రావెల్స్ ఆయన్ని తిరిగొచ్చాక అడిగాను, ఆ 3,600 ఏ పర్మిట్‌కి అని. రసీదు ఉందా అన్నాడు.