చెన్నై తేమలో క్యూప్రస్ క్లోరైడ్ వాడకం

చెన్నై ప్రయోగశాలల్లో పనిచేసే మన విద్యార్థులు క్యూప్రస్ క్లోరైడ్ అనే రాగి లవణాన్ని తూచే ముందు దాని రంగును తప్పక చూడాలి. శుద్ధమైన పొడి తెల్లగా ఉంటుంది. తేమగాలి తగిలితే ఆక్సీకరణం చెంది ఆకుపచ్చగా మారుతుంది. అలా మారినదాన్ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణాన్ని ఎక్కువ నీటిలో పోస్తే శుద్ధమైన క్యూప్రస్ క్లోరైడ్ తెల్లని అవక్షేపంగా దిగుతుంది. దానిని వెంటనే వడపోసి, ఆల్కహాలుతో కడిగి, గాలి తగలకుండా ఆరబెట్టి, నైట్రోజన్ నింపిన సీసాలో బిగించి ఉంచాలి.

డయజోనియం లవణం (జంట నైట్రోజన్ పరమాణువులున్న అస్థిర లవణం) నుంచి క్లోరోబెంజీన్ తయారుచేసే సాండ్‌మేయర్ చర్యకు ఇదే ఉత్ప్రేరకం. ఆ చర్యలో నైట్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక పాత్రను బిగించి మూయకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, డయజోనియం లవణాన్ని ఎండనివ్వకూడదు, ఎండితే పేలగలదు. చేతితొడుగులు, రక్షణ కళ్ళద్దాలు ధరించి, ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లోనే పనిచేయాలి.

రాగి లవణాలు జలచరాలకు విషం కనుక వ్యర్థాన్ని సింకులో పోయకుండా విడి డబ్బాలో సేకరించాలి.