లాగౌట్ అయ్యాక కూడా సర్వర్ నడుస్తూ ఉండాలంటే ఎలా?

లైనక్స్ టెర్మినల్‌లో కమాండ్ చివర యాంపర్‌సాండ్ (&) గుర్తు పెట్టేసి, ఇక సర్వర్ ఎప్పటికీ నడుస్తుందని నమ్మేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. ఆ గుర్తు ప్రోగ్రామ్‌ను బ్యాక్‌గ్రౌండ్‌కు పంపుతుంది, అంతే. కనెక్షన్ తెగగానే, మీ కమాండ్లను నడిపే షెల్‌కు ఆ సంగతి చెప్పే సిగ్‌హప్ సిగ్నల్ అందుతుంది. షెల్ దాన్ని తన కింద ఉన్న జాబ్‌లకూ పంపుతుంది. దాన్ని తట్టుకునే ఏర్పాటు లేని ప్రోగ్రామ్ అక్కడికక్కడే చచ్చిపోతుంది.

ఆ సిగ్నల్‌ను ప్రోగ్రామ్ పట్టించుకోకుండా చేసే నోహప్ కమాండ్ వాడితే ఈ గండం గడుస్తుంది. కానీ అర్ధరాత్రి ప్రోగ్రామ్ క్రాష్ అయినా, మెషిన్ రీబూట్ అయినా మళ్లీ లేపేదెవరు? లాగౌట్ అయినా టెర్మినల్ సెషన్‌ను నిలిపి ఉంచే టీమక్స్‌దీ అదే లోటు. పైగా, సర్వీస్‌లను స్టార్ట్ చేసి కనిపెట్టుకుని ఉండే సిస్టమ్‌డిలో కిల్‌యూజర్‌ప్రాసెసెస్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉన్న మెషిన్‌లో టీమక్స్ సెషన్ కూడా లాగౌట్‌తో పోతుంది. కొన్ని గంటల డేటా ఇంపోర్ట్‌కు టీమక్స్ చాలు. రోజూ నడవాల్సిన సర్వర్‌ను మాత్రం సిస్టమ్‌డికే అప్పగించాలి.

సర్వర్‌కు విడిగా ఒక యూజర్‌ను పెట్టండి, అన్ని అధికారాలూ ఉన్న రూట్ వద్దు. ఈటీసీలోని సిస్టమ్‌డి ఫోల్డర్‌లో, సిస్టమ్ అనే డైరెక్టరీ కింద, డాట్ సర్వీస్‌తో ముగిసే ఫైల్ తెరవండి. సర్వీస్ భాగంలో యూజర్, సర్వర్ ఏ ఫోల్డర్‌లో నడవాలో చెప్పే వర్కింగ్‌డైరెక్టరీ రాయండి. మెషిన్ బూట్ అయినప్పుడు సర్వర్ లేవడానికి, ఇన్‌స్టాల్ భాగంలో వాంటెడ్‌బైకి మల్టీ-యూజర్ డాట్ టార్గెట్ ఇవ్వండి.

ఇక సర్వర్‌ను స్టార్ట్ చేసే కమాండ్ ఉండే ఎగ్జెక్‌స్టార్ట్ లైన్. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా రాయండి. ఈ లైన్‌ను షెల్ చదవదు. పైప్ గుర్తు పెడితే అది పైప్‌లా పనిచేయదు, మామూలు ఆర్గ్యుమెంట్‌గా ప్రోగ్రామ్‌కు వెళ్లిపోతుంది. ప్రోగ్రామ్‌కు స్లాష్‌తో మొదలయ్యే పూర్తి పాత్ ఇవ్వడమే మేలు. మీ షెల్ సెట్టింగ్‌ల ఫైల్ బాష్‌ఆర్‌సీలో పెట్టుకున్న వేరియబుల్స్ ఒక్కటీ ఇక్కడికి రావు. చేత్తో స్టార్ట్ చేస్తే నడిచేది సర్వీస్‌గా నడవకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. వాటిని వేరే ఫైల్‌లో రాసి, ఎన్విరాన్‌మెంట్‌ఫైల్ లైన్‌తో చూపించండి. పైథాన్ అయితే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేయాలని చూడకండి. అందులో ఉన్న పైథాన్ పాత్‌నే నేరుగా ఇవ్వండి.

ఇక్కడ యాంపర్‌సాండ్, నోహప్ రెండూ నిషేధం. మీ స్క్రిప్ట్ సర్వర్‌ను బ్యాక్‌గ్రౌండ్‌కు నెట్టి తాను ముగిసిందంటే, పని అయిపోయిందనుకుని సిస్టమ్‌డి మిగిలిన ప్రాసెస్‌లన్నిటినీ ఆపేస్తుంది. సర్వర్ ఫోర్‌గ్రౌండ్‌లోనే నడవాలి. స్క్రిప్ట్ తప్పనిసరైతే, స్క్రిప్ట్ స్థానంలోకి సర్వరే వచ్చేలా, దాన్ని స్టార్ట్ చేసే చివరి లైన్ ముందు ఎగ్జెక్ పెట్టండి.

ఎగ్జెక్‌స్టార్ట్ లైన్ కిందే రీస్టార్ట్‌కు ఆల్వేస్, ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే రీస్టార్ట్‌సెక్‌కు 5 రాయండి. చాలామంది మొదటిది రాసి రెండోది వదిలేస్తారు. అప్పుడు రెండు ప్రయత్నాల మధ్య వ్యవధి 100 మిల్లీసెకన్లే. మామూలు సెట్టింగ్‌లో 10 సెకన్లలో 5 సార్లు స్టార్ట్ అయి పడిపోతే సిస్టమ్‌డి ఇక ప్రయత్నించదు. డేటాబేస్ ఇంకా లేవకముందే మీ సర్వర్ తన అవకాశాలన్నీ వాడేసుకుంటుంది.

సిస్టమ్‌డిని నడిపించే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో, కొత్త ఫైల్‌ను చదివించడానికి డెమన్-రీలోడ్ చేసి, సర్వీస్‌ను ఎనేబుల్ చేసి, స్టార్ట్ చేయండి. ఎనేబుల్ మరిస్తే రీబూట్ తర్వాత అది లేవదు. ఎర్రర్లు, లాగ్‌లు చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌లో కనిపిస్తాయి. లాగౌట్ అయి, మళ్లీ లాగిన్ అయి స్టేటస్ చూడండి. ఆ తర్వాత మెషిన్‌ను ఒకసారి రీబూట్ చేసి మళ్లీ చూడండి. ఈ రెండో పరీక్ష సర్వర్‌ను జనం వాడటం మొదలుపెట్టకముందే జరగాలి.