శుక్లం ఆపరేషన్ అయ్యాక పవర్ ఎలా చెక్ చేయాలి
ఆప్టోమెట్రీలో కొత్తగా చేరినవాళ్లకి చెప్తున్నా, కంట్లో లెన్స్ వేసిన వారానికే అద్దాలు రాసేయకండి, ఫేకో (అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి తీసే ఆపరేషన్) అయితే ఓ 4 వారాలు, కుట్లులేని చిన్న కోత ఆపరేషన్ అయితే 6 వారాలు ఆగండి, గాయం మానేకొద్దీ సిలిండర్ (కార్నియా వంపులో తేడాని సరిచేసే పవర్) మారుతూనే ఉంటది. పిన్‌హోల్ (సన్న రంధ్రమున్న పలక) పెట్టినా చార్టులో చదివే లైన్లు పెరగట్లేదా, అద్దాలతో కుస్తీ పట్టొద్దు, లెన్స్ వెనక పొర మసకబారిందా, రెటీనా వాచిందా డాక్టర్‌కి చూపించండి.

ఆటోరిఫ్రాక్టర్ (పవర్ కొలిచే మెషీన్) రీడింగ్ మొదలుపెట్టడానికే, కంట్లో మల్టీఫోకల్ లెన్స్ (దూరం, దగ్గర రెండూ కనబడేది) ఉంటే లేని మైనస్ చూపించొచ్చు, అందుకే ముందు +1.00 తో మసక చేసి 0.25 చొప్పున తగ్గిస్తూ రండి, క్లియర్ అయిన చోటే ఆగిపోండి. మోనోఫోకల్ లెన్స్ (ఒకే దూరానికి పనిచేసేది) ఫోకస్ మార్చుకోలేదు, కాబట్టి 40 సెం.మీ. దూరంలో చదవడానికి +2.50 దాకా యాడ్ (దగ్గర చూపుకి అదనపు పవర్) పడతది, కానీ పెద్దాయన పేపర్ ఎంత దూరంలో పట్టుకుంటారో చూసి మరీ ఇవ్వండి.