వరదలో డ్రోన్ ఎగరేసే ముందు అంతరిక్ష సంస్థల నుంచి ఏం తెచ్చుకోవాలి?

నేను కడప జిల్లాలో భూముల రీసర్వేకి డ్రోన్ ఎగరేసినవాణ్ణి. 2021 నవంబరు 19 ఉదయం అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, చెయ్యేరు నది పులపత్తూరు, మందపల్లి ఊళ్ల మీద పడింది. అప్పటి నుంచి ‘డ్రోన్ ఉంటే బాగుండేది’ అనే మాట వింటూనే ఉన్నాను. ఇప్పుడు డ్రోన్లకు కరువు లేదు. మందు కొట్టేవో, పెళ్లి వీడియోలు తీసేవో ఏ మండలంలోనైనా దొరుకుతాయి. మనకు లేనివి సరైన మ్యాపు, ఆకాశంలో ఎవరు ఎక్కడున్నారో తెలిపే ఏర్పాటు. ఆ రెండింటి మీదా ఇస్రో, నాసా ఏళ్లుగా పని చేస్తున్నాయి. ఆ పనిని మన ఫైర్ స్టేషన్ దాకా తెచ్చుకోవాలి.

ముందు మ్యాపు. హైదరాబాదులో ఉన్న ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ, ఇస్రో ఉపగ్రహ చిత్రాలతో వరద మ్యాపులు తయారు చేసి ఇస్రో మ్యాపుల వెబ్‌సైటు భువన్ పోర్టల్లో పెడుతుంది. 2022లో పంపిన ఈఓఎస్-04 రాడార్ ఉపగ్రహం కాబట్టి మబ్బు పట్టినా, రాత్రయినా నేలను చూడగలదు. 2009 అక్టోబరులో కర్నూలును ముంచినలాంటి పెద్ద వరదకు ఈ మ్యాపులు బాగా పనికొస్తాయి. చెయ్యేరులా గంటల్లో వచ్చి పోయే నీటికి మాత్రం ఉపగ్రహం కోసం కూర్చోలేం. అది తన కక్ష్య ప్రకారమే వస్తుంది. ఆ ఖాళీని పూరించాల్సింది డ్రోనే. రీసర్వే అయిన ఊళ్లకు ఓఆర్ఐ ఫోటోలు, అంటే పైనుంచి తీసి మ్యాపు కొలతలకు సరిచేసిన ఫోటోలు, ఉంటాయి. సర్వే శాఖను అడిగి వాటిని ముందే లాప్‌టాప్‌లో పెట్టుకోండి. ఏ ఇల్లు ఎక్కడ ఉండేదో తెలియకపోతే, నీళ్ల మీద తీసిన ఫోటో చూసి ఎక్కడ వెతకాలో చెప్పలేం.

ఇక నాకు అన్నిటికంటే భయం కలిగించే విషయం ఎత్తు. డ్రోన్ చూపే ఎత్తు మామూలుగా అది లేచిన చోటు నుంచి లెక్క. హెలికాప్టర్ పైలట్ సాధారణంగా సముద్ర మట్టం నుంచి లెక్క చెబుతాడు. మీరు గుట్ట మీద నిలబడి ‘400 అడుగుల్లో ఉన్నాం’ అంటే ఆయనకు అది వేరే ఎత్తు. అందుకే భువన్‌లో ఉచితంగా దొరికే నేల ఎత్తుల మ్యాపు కార్టోడెమ్ దించుకుని, డ్రోన్లు లేపబోయే ప్రతి చోటుకూ నేల ఎత్తును సముద్ర మట్టం లెక్కకు మార్చి రాసి పెట్టుకోండి. రేడియోలో లేచిన చోటు నుంచి ఎత్తు, దానికి నేల ఎత్తు కూడితే వచ్చే సముద్ర మట్టం ఎత్తు, రెండూ చెప్పండి. లొకేషన్ కూడా అంతే. డ్రోన్ యాప్‌లో డిగ్రీలు దశాంశాల్లో ఉంటే, పైలట్ డిగ్రీలు, నిమిషాల్లో అడగొచ్చు.

ఇదంతా ఊరికే చెప్పడం లేదు. చెయ్యేరు కట్ట తెగిన రోజే అనంతపురం జిల్లా వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో చిక్కుకున్న 10 మందిని వైమానిక దళం హెలికాప్టర్‌తో పైకి తీసింది. అలాంటి వేళ ఎవరో వీడియో కోసం డ్రోన్ లేపితే హెలికాప్టర్ వెనక్కి తిరగాల్సి వస్తుంది. అమెరికాలో అడవి మంటల మీద ప్రైవేటు డ్రోన్ కనిపిస్తే నీళ్లు చల్లే విమానాలను ఆపేస్తారు. దీనికే నాసా ‘ఏసెరో’ ప్రాజెక్టులో చేతపట్టుకెళ్లే ఒక పెట్టెను తయారు చేసి, 2025 మార్చిలో కాలిఫోర్నియాలోని సెలీనాస్ దగ్గర పరీక్షించింది. సెల్ సిగ్నల్ లేని చోట కూడా, చుట్టుపక్కల ఎగిరేవి డ్రోన్ పైలట్‌కు తెర మీద కనిపించాలన్నది దాని ఉద్దేశం.

ఆ పెట్టె మనకు వచ్చేదాకా, ఒక మనిషిని ఆ పనికి పెట్టండి. తహసీల్దారో, ఫైర్ ఆఫీసరో ఒకరినే నియమించాలి. ఆ మనిషి చెప్పనిదే ఏ డ్రోనూ లేవకూడదు. ‘హెలికాప్టర్ వస్తోంది’ అన్న మాట వినగానే అన్నీ దిగిపోవాలి. ఎంత ముఖ్యమైన వీడియో తీస్తున్నా సరే, దిగాల్సిందే. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా, విమానాశ్రయం సరిహద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్యలో 200 అడుగుల దాకానే హద్దు. ఓర్వకల్లు, కడప, పుట్టపర్తి విమానాశ్రయాల చుట్టుపక్కల వాళ్లు ఈ డ్రోన్ జోన్ల మ్యాపు ముందే చూసుకోవాలి.

వేడిని చూపే థర్మల్ కెమెరా ఉంటే తెల్లవారకముందే వెతకండి. మన సీమలో బండలు ఎండకు కాగితే, మధ్యాహ్నం తెర మీద మనిషికీ బండకూ తేడా తెలియదు.

సామాను మోసే డ్రోన్ల విషయంలో బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ నాల్‌ను (నేషనల్ ఏరోస్పేస్ లేబరేటరీస్) అడగొచ్చు. వాళ్ల ఎనిమిది రెక్కల డ్రోన్ ఆక్టాకాప్టర్ 2021 నవంబరులో చందాపుర నుంచి హారగద్దె ఆరోగ్య కేంద్రానికి కోవిడ్ టీకాలు మోసింది. అడిగేటప్పుడు ‘డ్రోన్ ఇవ్వండి’ అని రాయకండి. పాముకాటు మందు చల్లగా ఎంతసేపు ఉండాలి, ఎంత గాలిలో ఎగరాలి, దిగే చోటు లేకపోతే తాడుతో ఎలా దించాలి అన్నది రాయండి. అప్పుడే వాళ్లు లెక్క వేసి జవాబు చెప్పగలరు.

ఈ లేఖలన్నీ కలెక్టర్ ద్వారా, జిల్లా విపత్తుల నిర్వహణ సంస్థ పేరుతో వెళ్లాలి. ఎన్ఆర్ఎస్‌సీకి రాసే లేఖలో విపత్తుల డేటాబేస్ ఎన్‌డెమ్ లాగిన్, మండల సిబ్బందికి శిక్షణ రెండూ అడగండి. మనకు వానల భయం అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ. లేఖలు ఎండాకాలంలోనే కదలాలి. ఆగస్టులో ఏదైనా చెరువు కట్ట మీద రేడియోలు, డ్రోన్లు, 108 సిబ్బంది అందరూ కలిసి ఒక్క మాక్ డ్రిల్ అయినా చేయాలి.