చేపల కంటే ముందు తొట్టి, తొట్టి తర్వాత కనీసం నెల రోజులు

ఏప్రిల్ చివర్లో పిల్లలకు సెలవులిస్తారు. అప్పటికి ఇంట్లో చేపలు ఉండాలనుకుంటే తొట్టి మార్చి మొదట్లోనే కొనండి, చేపల జోలికి మాత్రం అప్పుడే వెళ్లకండి. నేను రెండూ ఒకే రోజు తెచ్చాను. నీళ్లు తేటగా ఉన్నాయి, ఫిల్టర్ తిరుగుతోంది, అయినా నాలుగు గోల్డ్‌ఫిష్‌లు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుని వారంలో చచ్చిపోయాయి. మా పాప రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

వాటిని చంపింది అమోనియా. చేపల మొప్పల నుంచి, రెట్ట నుంచి, మిగిలిన మేత నుంచి అది పుడుతూనే ఉంటుంది, కంటికి కనబడదు. పాత తొట్టిలో ఫిల్టర్ స్పాంజికి, గులకరాళ్లకు పట్టిన బ్యాక్టీరియా దాన్ని తింటుంది: నైట్రోసోమోనాస్ లాంటివి అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, నైట్రోస్పైరా లాంటివి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే, రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. నైట్రేట్‌ను మాత్రం చేపలు కొంతవరకు తట్టుకుంటాయి, నీళ్లు మారిస్తే పోతుంది. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా ఉండదు, పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్నే సైక్లింగ్ అంటారు.

మన బోరు నీళ్ల సంగతి ఒకటి చెప్పాలి. చాలా చోట్ల వాటి పీహెచ్ (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) ఎక్కువ, అది బ్యాక్టీరియాకు మంచిదే కానీ చేపలకు ప్రమాదం, ఎందుకంటే 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్నప్పటి కంటే 8 ఉన్నప్పుడు అదే అమోనియాలో విషరూపంలో ఉండే భాగం దాదాపు పది రెట్లవుతుంది, ఎండాకాలంలో నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. అలాగని ఉత్త ఆర్‌ఓ నీళ్లు పోయకండి. వాటిలో ఖనిజాలు ఉండవు కాబట్టి పీహెచ్ పడిపోయి బ్యాక్టీరియా పెరుగుదలే ఆగిపోతుంది. మునిసిపల్ నీళ్లయితే క్లోరిన్ పోవాలి, లేకపోతే పెంచుతున్న బ్యాక్టీరియాను మీరే చంపినట్టు. యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి.

ఇక పని మొదలుపెట్టడం. ఫిల్టర్, ఎయిర్ పంప్ రాత్రింబవళ్లు నడపండి, రోజూ చిటికెడు మేత వేయండి, అది కుళ్లి అమోనియా పుట్టాలి. నీళ్లలో కరిగి అమోనియా ఇచ్చే అమోనియం క్లోరైడ్ దొరికితే ఇంకా మేలు, లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాముల అమోనియా వచ్చేలా వేస్తే చాలు. అమోనియా కోసమని సువాసన కలిపిన క్లీనింగ్ ద్రావణాలు మాత్రం అస్సలు వద్దు. తెలిసినవాళ్ల ఆరోగ్యమైన తొట్టిలోంచి వాడిన స్పాంజి ముక్క దొరికితే ఆ నీళ్లలోనే తడిగా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి, వారాలు కలిసొస్తాయి. కానీ ఆ తొట్టిలో జబ్బు ఉంటే అదీ వస్తుంది, కాబట్టి ముందే అడగండి.

మధ్యలో నీళ్లు పాలలా తెల్లబడతాయి. టెన్షన్ పడి మొత్తం పారబోయకండి, కొన్ని రోజుల్లో అదే తేరుకుంటుంది. స్పాంజిని కుళాయి కింద కడగకండి, తొట్టిలోంచి తీసిన నీళ్లలో మెల్లగా పిండితే చాలు. వేసవిలో కరెంటు ఎక్కువసేపు పోతే గాలి అందక బ్యాక్టీరియా చచ్చిపోతుంది, బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

నీళ్లలో అమోనియా, నైట్రైట్, నైట్రేట్ ఎంత ఉన్నాయో చూపే టెస్ట్ కిట్ కొనకపోతే ఇదంతా గుడ్డిగా చేసినట్టే, మిగతా వాటిలో పొదుపు చేసినా ఇందులో వద్దు. ద్రవం కిట్ తీసుకోండి, నైట్రేట్ సీసాను గట్టిగా ఊపి వాడండి, లేకపోతే తప్పు చూపిస్తుంది. అమోనియా వేసిన 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ కనబడితే తొట్టి సిద్ధమైనట్టు. అప్పుడు సగానికి పైగా నీళ్లు మార్చి, మొదట రెండు మూడు చిన్న చేపలే వదలండి, వారం పాటు రోజూ పరీక్ష చేయండి. చేపలు తేవడం ఆలస్యమైతే చిటికెడు మేత వేయడం ఆపకండి, ఆపితే తిండి లేక బ్యాక్టీరియా తగ్గిపోతుంది.

ఇప్పటికే చేపలు వేసేసి ఉంటే, రోజూ పావు వంతు నీళ్లు మార్చండి, మేత రెండు రోజులకోసారి కాస్తే వేయండి, మొప్పలు ఎర్రబడి పైకి వచ్చి ఊపిరి పీలుస్తుంటే ఆ గంటలోనే సగం నీళ్లు మార్చండి, పోసే నీళ్లలో క్లోరిన్ లేకుండా చూసుకోండి.