చెరువు బాగుచేశారు సరే, బాగుపడిందో లేదో ఎలా చూడాలి

బెంగళూరులో చెరువు బాగుచేశాం అంటే మనకి ముందు చూపించేది వాకింగ్ ట్రాకు, ఫెన్సింగు, బెంచీలు. అవి జనానికి బావుంటాయి కానీ చెరువు బతికిందో లేదో వాటివల్ల తెలీదు. మీ లేఅవుట్ పక్క చెరువుని మీరే చూడొచ్చు, పెద్ద ఖర్చేం కాదు.

పని మొదలవ్వకముందే నీళ్ళ, పురుగుల, పక్షుల లెక్కలు రాసిపెట్టుకోండి, అంతా అయిపోయాక మొదలుపెడితే దేంతో పోలుస్తారు? దగ్గర్లో బాగుచేయని చెరువు ఇంకోటి పట్టుకుని దాన్నీ అదే నెలలో అలాగే చూడండి, ఎందుకంటే వానలు బాగా పడిన ఏడు ఏ చెరువులోనైనా నీళ్ళు పెరుగుతాయి, అది చేసిన పని వల్లే అనుకునే ప్రమాదం ఉంది.

నీళ్ళలో ఆక్సిజన్ తెల్లారకముందే కొలవాలండీ. మధ్యాహ్నం అయితే పాచిపట్టిన చెరువులో కూడా రీడింగ్ బ్రహ్మాండంగా వస్తుంది, ఎండలో పాచి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా మళ్ళీ అదే వాడేసుకుంటుంది, చేపలు తెల్లారేసరికి చచ్చి తేలేది చాలాసార్లు అందుకే. చేపలు బతకాలంటే లీటరుకి కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

తర్వాత గ్లవ్స్ వేసుకుని ఒడ్డు బురద గుప్పెడు తీసి తెల్ల ట్రేలో నీళ్ళు పోసి చూడండి. సన్నటి ఎర్ర పురుగులు తప్ప ఇంకేం కదలట్లేదంటే అడుగున ఆక్సిజన్ తక్కువుందని అనుమానించాలి, వాటి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి అవి అక్కడా నెట్టుకొస్తాయి. తూనీగ పిల్లలు, నత్తలు, ఇలా రకరకాలు కనిపిస్తే మంచిదే.

పక్షుల్ని మొత్తం కలిపి లెక్కపెట్టకండి. పూడిక తీస్తూ అంచుల దాకా ఒకే లోతు తవ్వేస్తే గూడబాతులు, నీటికాకులు వస్తాయి గానీ బురదలో ముక్కు గుచ్చి తినే ఉల్లంకి పిట్టలకి నిలబడే చోటే ఉండదు, నాకు అన్నిటికన్నా బాధ ఇదే. అందుకే లోతు నీళ్ళవి వేరు, ఒడ్డువి వేరు రాయండి, గూళ్ళు పిల్లలు కనిపిస్తే అది ఇంకా గట్టి సాక్ష్యం.

వాన లేని రోజు రాజకాలువె (వాననీళ్ళు పారే పెద్ద కాలువ) చెరువులో కలిసేచోట నిలబడి చూడండి, నురగ, మురుగు వాసన ఉందంటే పైపై పనే జరిగింది. అదే బెంగళూరులోని జక్కూరు చెరువులో అయితే శుద్ధి చేసిన మురుగునీళ్ళు ముందు మొక్కలున్న చిత్తడినేల గుండా వెళ్ళి ఆ తర్వాతే చెరువులోకి వస్తాయి. మురుగు ఆపకుండా గుర్రపుడెక్క ఎన్నిసార్లు పీకినా మళ్ళీ కమ్ముకుంటుంది.

ఇదంతా మూడు నాలుగేళ్ళు వరసగా చేయాలి. ఈలోగా ఆర్టీఐ పెట్టి డీపీఆర్ (ఏ పనులు చేస్తారో వివరంగా రాసిన ప్రాజెక్టు రిపోర్టు) కాపీ తీసుకోండి, నీళ్ళ గురించీ పక్షుల గురించీ అందులో ఏం టార్గెట్ పెట్టుకున్నారో చూసి, మీ లెక్కలు దాని పక్కన పెట్టి అడగండి.